మినీ కూపరా, ఎస్కార్టా, డోలమైట్ స్ప్రింటా: పాత బ్రిటిష్ పొట్టి సెలూన్లలో ఏది తీసుకోవాలి

పోయిన నెల మా బావమరిది రెడింగ్ నుంచి ఫోన్ చేసి, బావా నేనో పాత బ్రిటిష్ కారు కొందామనుకుంటున్నా, చిన్నదే కానీ కాస్త దూకుడు ఉండాలి, మినీ కూపర్ తీసుకోనా ఎస్కార్ట్ తీసుకోనా అన్నాడు. గంటన్నర మాట్లాడుకున్నాం, తేలిందేమీ లేదు, పైగా వాడు రెండు పేర్లతో వస్తే నేను ఇంకో నాలుగు కలిపి ఆరు చేసి పంపించా. వాళ్ళావిడ నా మీద ఇంకా కోపంగానే ఉందట. అందుకని ఫోన్లో కుదరనిది ఇక్కడ కుదురుగా రాస్తున్నా, ఈ పిచ్చి ఉన్న మనవాళ్ళు ఇంగ్లండ్‌లో ఇంకొందరు ఉన్నారు, వాళ్ళకీ పనికొస్తుంది.

ముందు మాట సంగతి తేల్చుకుందాం. సెలూన్ అంటే మనకి కటింగ్ షాపే గుర్తొస్తుంది, ఇంగ్లండ్‌లో మాత్రం మనం సెడాన్ అనేదాన్నే సెలూన్ అంటారు, గట్టి టాపు ఉండి వెనక సీటు ఉండి నలుగురు కూర్చునే మామూలు ఇంటి కారు, రెండు డోర్లే ఉన్నా సెలూనే. 60ల్లో 70ల్లో బ్రిటన్ కంపెనీలన్నీ ఒకటే పని చేసేవి, ఆఫీసుకెళ్ళే గుమాస్తా కొనుక్కునే ఆ మామూలు బండిలోనే గట్టి ఇంజిన్ పెట్టి, ముందు చక్రాలకి డిస్క్ బ్రేకులేసి, ఒక కార్బ్యురేటర్ ఉన్నచోట రెండు పెట్టి అమ్మేవి. ఇంట్లోవాళ్ళకి చెప్పడానికి అది ఫ్యామిలీ కారు, ఆదివారం పొద్దున్నే ఖాళీ రోడ్డు మీద మాత్రం దాని వేషమే వేరు. రెండు సీట్ల స్పోర్ట్స్ కారు కొనడానికి డబ్బో ధైర్యమో చాలనివాళ్ళ స్పోర్ట్స్ కారు అన్నమాట. నాకు ఇవి నచ్చింది కూడా అందుకే.

నా ఆరూ ఇవి: మినీ కూపర్ ఎస్, లోటస్ కోర్టినా, ఫోర్డ్ ఎస్కార్ట్ మెక్సికో, సన్‌బీమ్ ఇంప్ స్పోర్ట్, ట్రయంఫ్ విటెస్, ట్రయంఫ్ డోలమైట్ స్ప్రింట్. వాక్స్‌హాల్ వివా జిటి ఏదీ, హిల్‌మన్ అవెంజర్ టైగర్ ఏదీ అని ఎవరైనా అడుగుతారు, నాకూ తెలుసు, రెండూ మంచివే, కానీ అవి దొరకడమే గగనం, దొరికినా పార్టులకి తిరగాలి, మొదటిసారి కొనేవాడికి వాటి జోలి వద్దు. రైలీ వన్ పాయింట్ ఫైవ్, ఎంజీ మాగ్నెట్ లాంటి 50ల నాటివి అందంగా ఉంటాయి, చెక్క డ్యాష్‌బోర్డు, తోలు సీట్లు, చుట్టం ఇంట్లో హాల్లో కూర్చున్నట్టు ఉంటుంది, కానీ మా వాడు దూకుడు అన్నాడు కదా.

ఒక్కటి ముందే చెప్పేస్తా, ఏది ఎక్కువ స్పీడ్ పోతుంది అని మాత్రం చూసుకోవద్దు. వీటిలో దేన్నైనా సరే ఇవాళ్టి డెలివరీ వ్యాను సిగ్నల్ దగ్గర దాటేసి పోగలదు, దానికి ఏడవక్కర్లేదు. చూసుకోవాల్సింది ఎవరెవరు ఎక్కుతారు, వాన పడుతున్నా బయటికి తీయడానికి మనసొప్పుతుందా, చెడితే నువ్వు చేసుకోగలవా లేక షెడ్డుకి తోసుకెళ్ళాలా. నేను చూసినంతలో మంచి పేరున్న కారు కొన్నవాళ్ళు దాన్ని దుప్పటి కప్పి గ్యారేజీలో పడుకోబెడుతున్నారు, పేరు లేని కారు కొన్నవాళ్ళు తిప్పుకుంటున్నారు. ఏడాదిలో ఎక్కువసార్లు తాళం తిప్పిన కారే నీకు ఇష్టమైన కారు, మిగతాదంతా కబుర్లు.

సరే, మినీ నుంచే మొదలెడదాం, అందరూ అక్కడే మొదలెడతారు. అలెక్ ఇస్సిగోనిస్ గీసిన మినీ 1959లో వచ్చింది, ఇంజిన్ అడ్డంగా పెట్టి, గేర్ బాక్స్‌ని ఇంజిన్ కిందే ఆయిల్ సంప్‌లో ఇరికించి, 10 అంగుళాల చక్రాలేసి, మూడు మీటర్ల పైచిలుకు పొడుగులో నలుగుర్ని కూర్చోబెట్టాడు. ఫార్ములా వన్‌లో 1959, 60 రెండేళ్ళూ టైటిల్ కొట్టిన కార్లు తయారుచేసిన జాన్ కూపర్ దీన్ని చూసి ఇందులో రేసు కారు ఉందయ్యా అని కంపెనీని ఒప్పించి 1961లో 997 సిసి కూపర్ తీయించాడు, 1963లో దాని అన్న కూపర్ ఎస్, తర్వాతి ఏడాది 1275 సిసి ఎస్, 76 బిహెచ్‌పి. వినడానికి తక్కువే గానీ ఆ బరువుకి అది చాలు. 1964లో ప్యాడీ హాప్‌కిర్క్ దీంతో మాంటీ కార్లో ర్యాలీ గెలిచాడు, 65లో టిమో మాకినెన్, 67లో రౌనో ఆల్టొనెన్. మధ్యలో 66లో మొదటి మూడు స్థానాలూ మినీలవే, కానీ హెడ్‌లైట్ బల్బులు రూల్ ప్రకారం లేవని మూడింటినీ తీసేశారు, నాలుగో స్థానంలో ఉన్న లోటస్ కోర్టినాని కూడా తీసేసి సిట్రోయెన్‌ని గెలిపించారు. అరవై ఏళ్ళైనా ఇక్కడి ముసలాళ్ళు దాని గురించి నిన్ననే జరిగినట్టు తిడతారు. హాప్‌కిర్క్ నడిపిన ఆ ఎర్ర కారు గేడన్‌లో ఉన్న బ్రిటిష్ కార్ల మ్యూజియంలో ఉంది, మా ఇంటి నుంచి అరగంట, ఎదురుగా నిలబడితే నా ఛాతీ దాకా వస్తుంది అంతే.

నడిపితే మాత్రం నిజంగానే నవ్వొస్తుంది. స్టీరింగ్ బస్సు స్టీరింగ్‌లా పైకి పడుకుని ఉంటుంది, కాళ్ళు కాస్త అడ్డంగా పెట్టుకోవాలి, గేర్ బాక్స్ కూనిరాగం తీస్తూనే ఉంటుంది, మలుపు దగ్గర నువ్వు అనుకోవడమే ఆలస్యం కారు తిరిగిపోతుంది. ఇబ్బంది ఎక్కడంటే అసలైన ఎస్ కంటే నకిలీ ఎస్‌లే ఎక్కువ తిరుగుతున్నాయి అని అందరూ జోకులేసుకునే స్థితి, మామూలు 850 మినీకి 1275 ఇంజిన్ వేసి బ్యాడ్జ్ అంటించి అమ్మడం తేలిక కదా. అసలు ఎస్ ఇంజిన్ హెడ్‌కి, అంటే పైమూతకి, బిగింపులు 11, మామూలు దానికి 9, కనీసం అది లెక్కపెట్టుకో, కాగితాలు పట్టుకుని గేడన్‌లో హెరిటేజ్ సర్టిఫికెట్ (ఫ్యాక్టరీ రికార్డుల్లో ఇది ఏ కారో చెప్పే కాగితం) తీయించుకో. హెడ్ కూడా మార్చేసి ఉండొచ్చు, కాబట్టి లెక్క సరిపోయిందని మురిసిపోకు. వెనక సబ్‌ఫ్రేమ్, సిల్లులు (డోర్ల కింది రేకు పెట్టెలు), ఫ్లోరు తుప్పు పట్టే చోట్లు. మంచి సంగతేంటంటే మినీకి కొత్త బాడీ షెల్ కూడా ఇప్పటికీ కొనుక్కోవచ్చు, పార్టుల విషయంలో దీన్ని మించింది లేదు. మినీయే కావాలి, ఎస్ కొనే డబ్బు లేదు అంటే 1990 నుంచి 2000 దాకా రోవర్ వాళ్ళు మళ్ళీ తీసిన కూపర్ ఉంది, దాని గురించి ఎవరూ గొప్పగా చెప్పరు గానీ రోజూ నడుపుకోవడానికి అదే సుఖం. కాకపోతే దానికింకా 40 ఏళ్ళు నిండలేదు, ఆ సంగతి కిందకొచ్చాక చెప్తా.

లోటస్ కోర్టినా గురించి తొందరగా తేల్చేస్తా, ఎందుకంటే నువ్వూ కొనవు నేనూ కొనను. తెల్ల కారు, పక్కన ఆకుపచ్చ పట్టీ, 1558 సిసి ట్విన్ క్యామ్ ఇంజిన్ (వాల్వులు తెరిచే క్యామ్‌షాఫ్టులు పైన రెండున్నది), 105 బిహెచ్‌పి, 1963లో ఫోర్డ్ పంపిన బాడీలకి చెషంట్‌లో లోటస్ ఓనరు కోలిన్ చాప్‌మన్ మనుషులు లోపలి సరుకు బిగించేవాళ్ళు. జిమ్ క్లార్క్ 1964లో దీంతో బ్రిటిష్ సెలూన్ కార్ ఛాంపియన్‌షిప్ గెలిచాడు, మలుపుల్లో లోపలి ముందు చక్రం గాల్లోకి లేచి మూడు చక్రాల మీద పోతున్న ఫోటోలు మీరు చూసే ఉంటారు. మొదట్లో వెనక సస్పెన్షన్‌కి ఇంగ్లీషు 'A' అక్షరం ఆకారంలో ఒక ఫ్రేము పెట్టి డిఫరెన్షియల్‌కి తగిలించారు, ఆ బరువుకి డిఫరెన్షియల్ బోల్టులు వదులై ఆయిల్ కారి, ఆ ఆయిల్ బుష్షుల్ని తినేసేది, 1965లో మళ్ళీ మామూలు లీఫ్ స్ప్రింగులకే వచ్చారు. రేటు చూస్తే కళ్ళు తిరుగుతాయి, అసలుదో కాదో తేల్చడానికి నిపుణుడికి విడిగా ఫీజు. దీన్ని మ్యూజియంలో చూసి నమస్కారం పెట్టుకుని వచ్చేయడమే.

ఎస్కార్ట్ వేరే సంగతి, ఇది జనం కారు. 1968లో వచ్చింది, లివర్‌పూల్ పక్కన హేల్‌వుడ్‌లో తయారీ, ముందు గ్రిల్లు కుక్క నోట్లో ఎముకలా ఉంటుందని డాగ్ బోన్ అంటారు. 1970లో లండన్ వెంబ్లీ నుంచి మెక్సికో సిటీ దాకా వరల్డ్ కప్ ర్యాలీ పెడితే హన్ను మికోలా, గున్నార్ పామ్ ఎస్కార్ట్‌తో గెలిచారు. అంత దూరం, కొండలూ ఎడారులూ, అక్కడ సున్నితమైన ట్విన్ క్యామ్ ఇంజిన్ అయితే మధ్యలో ఎవడు బాగుచేస్తాడు అని మామూలు పుష్ రాడ్ ఇంజిన్‌నే 1850 సిసికి పెంచి వాడారు. ఆ గెలుపు పేరు మీదే అమ్మకానికి తెచ్చింది మెక్సికో మోడల్, 1600 సిసి పుష్ రాడ్, 86 బిహెచ్‌పి. దీని పైన 16 వాల్వుల కాస్వర్త్ ఇంజిన్ ఉన్న ఆర్ఎస్ 1600 ఉంది. 1972 నుంచి 1979 దాకా వరసగా ఎనిమిదేళ్ళు బ్రిటన్‌లో పెద్ద ర్యాలీ అయిన ఆర్ఏసీ ర్యాలీ ఎస్కార్ట్‌దే, ఇంకొకళ్ళకి దక్కనివ్వలేదు.

మెక్సికోలో నాకు నచ్చేది దాని ఇంజిన్‌లో రహస్యాలు లేకపోవడం. బానెట్ ఎత్తితే చుట్టూ చెయ్యి పట్టేంత ఖాళీ, స్పానర్ల సెట్టు, కాస్త ఓపిక ఉంటే అన్నీ ఇంటి ముందే అయిపోతాయి. వెనక చక్రాలతో నెట్టే కారు కాబట్టి తడి రోడ్డు మీద వెనక భాగం కొంచెం పక్కకి జారుతుంది, భయపెట్టకుండా ముందే చెప్పి జారుతుంది. కానీ దీనికీ మినీ జబ్బే, మామూలు 1100 ఎస్కార్ట్‌ని మెక్సికో చేసి అమ్మేవాళ్ళున్నారు. అసలు మెక్సికోకి గట్టిపరిచిన షెల్ ఉంటుంది, దాన్ని టైప్ 49 అంటారు, అదేంటో తెలిసిన క్లబ్ మనిషిని వెంటబెట్టుకుని వెళ్ళు. ముందు స్ట్రట్ (సస్పెన్షన్ కాళ్ళు) పైభాగాల్లో వెల్డింగ్ ప్లేట్లు కనపడితే కంగారు పడక్కర్లేదు, చాలా వాటికి ఉంటాయి, అతుకు నీటుగా ఉందా లేదా అన్నదే చూడాలి. ఇంకో చేదు నిజం, పాత ఎస్కార్ట్‌లంటే దొంగలకి మహా ప్రీతి, రాత్రి వీధిలో పెట్టే ఇల్లైతే నాకు దీన్ని సిఫార్సు చేయడానికి నోరు రాదు.

ఇంప్ దగ్గరికొస్తే కథ మారుతుంది. ఇంజిన్ వెనక, డిక్కీ ముందు. 1963లో గ్లాస్గో దగ్గర లిన్‌వుడ్‌లో దీనికోసమే ఫ్యాక్టరీ కట్టారు, ఓడల పని పోయిన ఊళ్ళలో ఉద్యోగాలు రావాలని ప్రభుత్వం తోస్తే అక్కడికెళ్ళారు. దాని ఫలితం ఎలా ఉందంటే ఇంజిన్ బ్లాకులు లిన్‌వుడ్‌లో పోత పోయడం, మెషినింగ్‌కి మా కోవెంట్రీ పక్కన రైటన్‌కి పంపడం, మళ్ళీ లిన్‌వుడ్‌కి తీసుకెళ్ళి కారులో బిగించడం. ఇంజిన్ మాత్రం ముద్దొచ్చేది, ఫైర్ పంపుల ఇంజిన్లు చేసే కోవెంట్రీ క్లైమాక్స్ వాళ్ళ వంశం, 875 సిసి, మొత్తం అల్యూమినియం, 45 డిగ్రీలు పక్కకి వాలి ఉంటుంది, కుట్టు మిషన్‌లా తిరుగుతుంది. 1966లో వచ్చిన సన్‌బీమ్ ఇంప్ స్పోర్ట్‌కి రెండు కార్బ్యురేటర్లు, 51 బిహెచ్‌పి. ఇంతేనా అనుకోవద్దు, బిల్ మెక్‌గవర్న్ ఇంప్‌తోనే 1970, 71, 72 మూడేళ్ళూ బ్రిటిష్ సెలూన్ ఛాంపియన్. 1965లో రోజ్‌మరీ స్మిత్ అనే ఐరిష్ అమ్మాయి ఇంప్‌లో ట్యూలిప్ ర్యాలీ గెలిచింది.

దీన్ని నడిపేవాడు గుర్తుపెట్టుకోవాల్సింది టైర్ల గాలి. ముందు 18, వెనక 30. నిజంగానే అంత తేడా, పెట్రోల్ బంకు కుర్రాడు పాపం అని నాలుగింటికీ సమానంగా కొట్టాడంటే ఆ సాయంత్రం మలుపులో నీకు దేవుడు కనిపిస్తాడు. ఇక కూలెంట్, అల్యూమినియం బ్లాకు కాబట్టి మంచి యాంటీఫ్రీజ్ లేకుండా ఉత్త నీళ్ళు పోస్తే లోపల్నుంచి తినేస్తుంది, వేడెక్కితే హెడ్ గాస్కెట్ పోతుంది. ఇంప్‌కి చెడ్డ పేరు తెచ్చింది సగం మొదటి రెండేళ్ళ కార్లలో ఉన్న ఆటోమేటిక్ చోక్, గాలితో పనిచేసే యాక్సిలరేటర్ లాంటి అతి తెలివి వస్తువులైతే మిగతా సగం ఇలా నీళ్ళ దగ్గర బద్ధకించిన ఓనర్లు. డబ్బు తక్కువ, చేతిపని ఇష్టం, ఒక్కడివే తిరుగుతావు అంటే ఈ ఆరింటిలో పెట్టిన పౌండుకి ఎక్కువ సరదా ఇచ్చేది ఇంపే, దీన్ని ఎవరూ పట్టించుకోకపోవడం నీ అదృష్టం.

విటెస్ విషయంలో నేను న్యాయంగా ఉండలేను, ముందే ఒప్పుకుంటున్నా. మా పెదనాన్నగారికి తెనాల్లో స్టాండర్డ్ హెరాల్డ్ ఉండేది. ట్రయంఫ్ హెరాల్డ్‌నే మద్రాసులో స్టాండర్డ్ మోటార్స్ వాళ్ళు 1961 నుంచి స్టాండర్డ్ హెరాల్డ్ అని చేసేవాళ్ళు, అంబాసిడర్, ఫియట్ తర్వాత మూడో కారు అంటే అదే, తర్వాత నాలుగు డోర్లది కూడా మన దగ్గరే వచ్చింది, ఇంగ్లండ్‌లో అది లేదు. మా నాన్న డ్రైవింగ్ నేర్చుకుంది ఆ కారు మీదే. విటెస్ అంటే ఆ హెరాల్డే, ఇటలీ మికెలోట్టి గీసిన అదే బాడీ, కాకపోతే నాలుగు సిలిండర్ల చోట ఆరు సిలిండర్లు, ముందు రెండు లైట్ల చోట వాలుగా నాలుగు లైట్లు. 1962లో 1600 సిసి, 1966లో 2 లీటర్లు, 1968లో మార్క్ 2, 104 బిహెచ్‌పి.

నాలుగేళ్ళ క్రితం నాన్న ఇక్కడికొచ్చినప్పుడు ఒక పాత కార్ల మేళాకి తీసుకెళ్ళా. జాగ్వార్ల దగ్గర, ఆస్టన్ల దగ్గర మర్యాదకి ఆగాడు అంతే. చివర్న గడ్డిలో ఒక ముదురు నీలం విటెస్ ఉంది, దాని ఓనరు మడత కుర్చీలో టీ తాగుతున్నాడు. ఈ కారుకి బానెట్ ఒక్కటే లేవదు, మడ్‌గార్డులు, లైట్లు, ముందు ముఖం మొత్తం కలిపి ముందుకి ఒరుగుతుంది, అంతా తెరిచి పెట్టాడాయన. నాన్న ఒక నిమిషం చూసి, ఎవర్నీ అడక్కుండా వెళ్ళి ముందు టైరు మీద కూర్చున్నాడు. నాకు గుండె జారింది. పెదనాన్న హెరాల్డ్‌కి ప్లగ్గులు విప్పేటప్పుడు మెకానిక్కు అలాగే టైరు మీద కూర్చునేవాడట, ఇంజిన్ ఒళ్ళో ఉన్నట్టు ఉంటుందట. ఆ ఓనరు తిట్టలేదు, లేచి వచ్చి ఇంకో టైరు మీద తను కూర్చున్నాడు. ఒకాయనది తెనాలి తెలుగు, ఇంకొకాయనది బర్మింగ్‌హామ్ పక్కన బ్లాక్ కంట్రీ యాస ఇంగ్లీషు, డిస్ట్రిబ్యూటర్ దగ్గర వేళ్ళు పెట్టి చూపించుకుంటూ అరగంట మాట్లాడుకున్నారు, నన్ను అనువాదానికి పిలిచింది లేదు. వచ్చేటప్పుడు నాన్న అన్నది ఒకటే, మన హెరాల్డే రా ఇది, ఇంజిన్ మాత్రం పొడుగు.

కొనే మనిషికి చెప్పాల్సింది, మార్క్ 2 కంటే ముందువి తీసుకుంటే వెనక స్వింగ్ యాక్సిల్, మలుపులో బెదిరి ఒక్కసారిగా యాక్సిలరేటర్ వదిలేసావంటే వెనక చక్రం లోపలికి మడుచుకుని కారు నీ మాట వినదు. మార్క్ 2లో దాన్ని సరిచేశారు, కానీ అందులో యాక్సిల్ షాఫ్టుకి ఉండే రబ్బరు కప్లింగులు చీలిపోతుంటాయి, మార్చడం నడుము విరిగే పని, కొనేముందు కింద దూరి టార్చి వేసి చూడు. బాడీ విడిగా, చాసిస్ విడిగా ఉండే కారు, కాబట్టి పైన పెయింట్ చూసి మురిసిపోకుండా చాసిస్ చివరలు, ఔట్‌రిగ్గర్లు (చాసిస్ నుంచి పక్కకి వచ్చే చేతులు) చూడాలి. ఆరు సిలిండర్ల ఆ సన్నని ఈల శబ్దం మాత్రం మిగతా ఐదింటిలో లేదు. రెండు డోర్లే, వెనక సీట్లోకి పెద్దవాళ్ళు ఎక్కడం కష్టం. నా కష్టమంతా అక్కడే వచ్చింది.

అలా నేను చివరికి డోలమైట్ స్ప్రింట్ దగ్గర తేలా, ఆరేళ్ళుగా నా దగ్గరున్నది అదే. 1973లో వచ్చింది, మా ఇంటికి మూడు మైళ్ళలో కాన్లీలో ట్రయంఫ్ ఫ్యాక్టరీ, 1980లో అక్కడ కార్ల తయారీ ఆగిపోయింది. బయట చూస్తే బ్యాంకు మేనేజర్ కారు, నాలుగు డోర్లు, పైన వినైల్ టాపు, లోపల వాల్‌నట్ చెక్క. లోపల మాత్రం 1998 సిసి, 16 వాల్వులు, 127 బిహెచ్‌పి. ఆ రోజుల్లో ఇంటి కారుకి 16 వాల్వులంటే ఎవరూ వినని మాట. ఇంజినీరు స్పెన్ కింగ్ టీమ్ చేసిన చమత్కారం ఏంటంటే క్యామ్‌షాఫ్ట్ ఒకటే, దాని మీద లోబులు (వాల్వుల్ని నొక్కే ఉబ్బులు) ఎనిమిదే, ఒక్కో లోబు ఇన్‌లెట్ వాల్వుని నేరుగా నొక్కుతుంది, తర్వాత అదే లోబు తిరిగొచ్చి రాకర్ మీదుగా ఎగ్జాస్ట్ వాల్వుని నొక్కుతుంది, ఒకే రోకలితో రెండు రోళ్ళలో దంచినట్టు. 1974లో దీనికి డిజైన్ కౌన్సిల్ అవార్డు ఇచ్చారు, 75లో ఆండీ రౌస్ దీంతో బ్రిటిష్ సెలూన్ ఛాంపియన్ అయ్యాడు. అల్లాయ్ చక్రాలు కారుతోనే వచ్చేవి, బ్రిటన్‌లో ఎక్కువ సంఖ్యలో చేసిన కార్లలో అలా ఇచ్చింది ఇదే మొదటిది.

నేను దీనికి పడిపోయింది ఆ లెక్కలకి కాదు, గేర్ రాడ్ మీద ఉండే చిన్న మీటకి. ఓవర్‌డ్రైవ్ (ఇంజిన్ వేగం తగ్గించే అదనపు గేరు) స్విచ్ గేర్ నాబ్‌లోనే, బొటనవేలు కింద ఉంటుంది. ఎం40 మీద నాలుగో గేర్లో 70కి వచ్చాక ఆ మీట ముందుకి తోస్తే ఒక్క అర సెకను ఏమీ జరగదు, తర్వాత ఎవరో భుజం మీద చెయ్యేసి నెమ్మది నెమ్మది అన్నట్టు ఇంజిన్ గొంతు తగ్గుతుంది, పక్కన కూర్చున్నవాళ్ళతో మామూలుగా మాట్లాడుకోవచ్చు. లారీని దాటాలంటే వేలితో వెనక్కి లాగడమే, క్లచ్ అక్కర్లేదు. స్ప్రింట్ కొంటే ఓవర్‌డ్రైవ్ ఉన్నదే కొను, మొదటి రెండేళ్ళూ అది విడిగా డబ్బు కడితేనే వచ్చేది, 75 నుంచి అన్నిటికీ వచ్చింది.

ఇప్పుడు దీని బండారం. అల్యూమినియం హెడ్డు, ఇనప బ్లాకు, హెడ్ బిగించే స్టడ్లు కొన్ని ఏటవాలుగా ఉంటాయి, కూలెంట్ మార్చకుండా ఏళ్ళు గడిపితే ఆ స్టడ్లు హెడ్‌లో తుప్పుపట్టి అతుక్కుపోతాయి, అప్పుడు హెడ్ విప్పడం అంటే ఆ షెడ్డులో రెండ్రోజులు బూతులు వినబడతాయి. వాటర్ పంపు బ్లాకు లోపల పైన ఉంటుంది, మార్చేటప్పుడు షిమ్ములు (పల్చటి బిళ్ళలు) పెట్టి ఖాళీ కొలవాలి, కొలవకుండా బిగిస్తే మళ్ళీ వేడెక్కుతుంది. కాబట్టి చూడ్డానికెళ్ళినప్పుడు ఇంజిన్ చల్లగా ఉందో లేదో ముందు చెయ్యి పెట్టి చూడు, అమ్మేవాడు ముందే వేడి చేసి పెట్టాడంటే ఏదో ఉంది. సెల్ఫ్ కొట్టి, ఇరవై నిమిషాలు అలాగే తిరగనిచ్చి, టెంపరేచర్ ముల్లు మధ్యలో ఆగుతుందా చూడు, హీటర్ పెట్టి వేడి గాలి వస్తుందా చూడు, అప్పుడు రోడ్డు మీదకి తీయ్. వెనక చక్రాల అంచులు, సిల్లులు, ముందు బంపరు కింద రేకు, తుప్పు ఈ మూడుచోట్లా ముందు వస్తుంది. దీన్ని చూసుకోగలిగితే, వినడానికి భయంగా ఉన్నంత పనేమీ లేదు, రెండేళ్ళకోసారి కూలెంట్ మార్చడమే నేను చేసేదల్లా.

తుప్పు గురించి ఇంకో మాట, ఇది ఆరింటికీ. నా మొట్టమొదటి పాత కారు ఏదో చెప్పను, ఎవరి దగ్గర కొన్నానో అసలే చెప్పను. అద్దంలా మెరిసే పెయింటు, కింద కొత్తగా నల్ల తారు పూత. నేను ఆ తారు చూసి అబ్బ ఎంత జాగ్రత్త మనిషో అనుకున్నా. మూడు నెలల తర్వాత సిల్ దగ్గర స్క్రూడ్రైవర్ ఆనిస్తే పిడి దాకా లోపలికి దిగింది, గోకి చూస్తే ఫిల్లరు (పుట్టీ), దాని వెనక ఉండలు చుట్టిన న్యూస్‌పేపరు. టింకరింగ్ ఖర్చు కారు ఖరీదుని దాటింది. అప్పట్నుంచి ఫ్రిజ్ మీద అయస్కాంతం ఒకటి జేబులో పెట్టుకుని వెళ్తా, ఫిల్లర్ ఉన్నచోట అది అంటుకోదు, సిగ్గు లేకుండా కారు చుట్టూ తిరిగి ఆనించి చూస్తా. ఇంజిన్ బోరుకొచ్చినా బాగుచేయించొచ్చు, బాడీ పోతే పోయినట్టే.

కాగితాల సంగతి కొంచెం. ఇక్కడ 40 ఏళ్ళు దాటిన కారుకి రోడ్డు టాక్స్ కట్టక్కర్లేదు, పెద్ద మార్పులు చేసి ఉండకపోతే ఎంఓటీ అనే ఏటా చేసే ఫిట్‌నెస్ పరీక్ష కూడా అక్కర్లేదు, పొగ ఎక్కువొదిలే బళ్ళకి లండన్‌లో వేసే యూలెజ్ ఛార్జీ కూడా పడదు. ఈ ఆరింటికీ అది వర్తిస్తుంది, 90ల రోవర్ కూపర్‌కి వర్తించదు. ఎంఓటీ అక్కర్లేదు కదా అని అమ్మేవాడు నవ్వుతూ చెప్తే నువ్వు నవ్వకు, డబ్బు కట్టి చేయించి చూపించమను, నేను ఏటా చేయిస్తా. పెట్రోలు 2021 నుంచి మామూలుది ఈ10, అంటే పది శాతం దాకా ఇథనాల్ కలిపినది, అందులోని ఇథనాల్ పాత రబ్బరు పైపుల్ని మెత్తబరుస్తుంది, సూపర్ గ్రేడ్ ఈ5 పోయించుకో, పైపులు కొత్తవి వేయించుకో. సీసం పెట్రోల్ పోయాక ఇనప హెడ్ ఉన్న మినీ లాంటి వాటికి వాల్వ్ సీట్లు గట్టివి వేయించారా అని అడగాలి, అల్యూమినియం హెడ్‌లో సీట్లు ఎలాగూ విడిగా గట్టివే ఉంటాయి కాబట్టి స్ప్రింట్‌కి, ఇంప్‌కి ఆ బెడద లేదు. ఇన్సూరెన్స్ కారు విలువ ముందే ఒప్పుకుని రాసిచ్చేది తీసుకో.

ఇంకోటి, పిల్లలున్నవాళ్ళకి. సీటు బెల్టులు లేని కారులో మూడేళ్ళలోపు పిల్లల్ని ఎక్కించడానికి ఇక్కడ చట్టం ఒప్పుకోదు, మూడు దాటినవాళ్ళు కూడా వెనకే కూర్చోవాలి. ఈ కార్లలో వెనక బెల్టులు ఉండవు, వేయించాలి. స్ప్రింట్‌లో వేయించడం పెద్ద పని కాలేదు నాకు.

మొన్న ఆదివారం బావమరిది వాళ్ళు అందరూ కోవెంట్రీ వచ్చారు. వాడు వచ్చీరాగానే మళ్ళీ మినీ ఫోటోలు తీశాడు, నేనేం మాట్లాడలేదు, తాళాలు వాళ్ళావిడ చేతిలో పెట్టా. మా అత్తయ్య ముందు సీట్లో, వాడూ ఆరేళ్ళ పిల్లా వెనక, కెనిల్‌వర్త్ దాకా వెళ్ళొచ్చారు. వచ్చాక వాడు ఓవర్‌డ్రైవ్ గురించి ఏదో చెప్పబోతుంటే అత్తయ్య కారు దిగుతూ, ఈ సీటు బాగుంది నాయనా, దిగేటప్పుడు మోకాలు నొప్పి పెట్టలేదు అంది. వాళ్ళావిడ మాత్రం నా వైపు తిరిగి, అన్నయ్యా ఇది పసుపు రంగులో వస్తుందా అని అడిగింది. వస్తుంది, మైమోసా అంటారు, బాగా పండిన బంగినపల్లి రంగు.

వచ్చే శనివారం డార్బీలో ఒకటి చూడ్డానికెళ్తున్నాం. పసుపుదే, ఓవర్‌డ్రైవ్ ఉందన్నాడు, కింద కొత్తగా తారు పూత వేయించా అని కూడా గొప్పగా చెప్పాడు. ఫ్రిజ్ మీద వెంకటేశ్వరస్వామి బొమ్మ ఉన్న అయస్కాంతం ఇప్పుడే తీసి జాకెట్ జేబులో వేసుకున్నా.